కోటక్క బొంత

చీరాల బజార్లోని ఆ బట్టల కొట్టు లోపలికి వెళ్ళేకొద్దీ పొడుగవుతోంది. కుసుమ నడుస్తూనే ఉంది. రెండు పక్కలా తానులు పైదాకా పేర్చి ఉన్నాయి, కప్పు ఎక్కడుందో కనపడదు, కింద తెల్లటి పరుపులు పరిచి ఉన్నాయి కానీ అడుగు వేస్తే సముద్రపు ఇసకలో వేసినట్టు కాలు కాస్త దిగబడుతోంది, అయినా అదేమీ ఆమెకు వింతగా అనిపించడం లేదు, చీరాల్లో కొట్లన్నీ ఇంతేగా అనుకుంటూ చంకలో ఉన్న సగం కుట్టిన బొంతను ఇంకాస్త గట్టిగా అదుముకుని ముందుకు పోతోంది. కొట్టు చివర, యజమాని కూర్చోవలసిన చోట, కోటక్క బాసింపట్టు వేసుకుని కూర్చుని ఎదురుగా ఉన్న తానులను చూపుడువేలితో పైకి నెడుతోంది. వేలు కదిపినప్పుడల్లా గోడనున్న గుడ్డలన్నీ ఫోనులో బొమ్మల్లా జర్రున పైకి జారిపోతున్నాయి, కింద నుంచి కొత్తవి వస్తున్నాయి, పువ్వులవీ, చుక్కలవీ, ఏనుగులవీ.

"ఒక్కటీ చేతికి ఆననీదు. నలిపి చూద్దామంటే జారిపోద్ది. ఏం కొట్టే ఇది?" అంటోంది కోటక్క, తల తిప్పకుండానే.

కోటక్క, అంటే కోటేశ్వరమ్మ, పోయిన మాఘమాసంలో చనిపోయింది. ఆ సంగతి కుసుమకు కలలో కూడా తెలుసు. తెలిసినా, పోయిన మనిషి చీరాల్లో కొట్టు పెట్టుకుని కూర్చోవడంలో తప్పేముంది అనిపిస్తోంది తప్ప భయం కలగడం లేదు. పైగా, ఇన్నాళ్ళూ ఇక్కడుండి ఒక్క మాటన్నా చెప్పలేదేమని కాస్త నిష్ఠూరంగా కూడా ఉంది.

కోటేశ్వరమ్మ కుసుమకు తోడికోడలు, ఇంటికి పెద్దకోడలు. పొన్నూరులో ఒకే ప్రహరీ లోపల రెండు వాటాల్లో వాళ్ళిద్దరూ పాతికేళ్ళకు పైగా కాపురం చేశారు. పెద్దావిడకు పిల్లలు కలగలేదు. కానీ ఆ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా మొదట పడుకున్నది ఆవిడ కుట్టిన బొంత మీదే. ఆడపడుచు రాజ్యం కొడుకులిద్దరూ, కుసుమ కూతురు మౌనికా, చుట్టాల పిల్లలూ, చివరికి పాలుపోసే ఆవిడ మనవడూ ఆ బొంతల్లో దొర్లి పెరిగినవాళ్ళే. పాత చీరలు, లుంగీలు, చిరిగిన చొక్కాలు, దేన్నీ పారేయనిచ్చేది కాదు. చతురస్రాలుగా కత్తిరించి, రంగుకు రంగు పొసగేలా పేర్చి, అస్తరు వేసి, దగ్గర దగ్గరగా టాకాలు వేసి కుట్టేది. మౌనిక పెళ్ళై వెళ్ళాక కుసుమ కూడా పొద్దుపోక ఆ పని నేర్చుకుంది. ఆమెకు మాత్రం పాతగుడ్డల మూటలు విప్పడం కన్నా ఫోనులో ముక్కల కట్టలు తెప్పించుకోవడం ఇష్టం. మధ్యాహ్నం పూట ఇద్దరూ వసారాలో కూర్చుని ఫోను చూసేవాళ్ళు. కుసుమ వేలితో పైకి జరుపుతుంటే కోటక్క ముక్కు విరుస్తూనే మెడ చాచి చూసేది, నచ్చిన గుడ్డ కనిపిస్తే అద్దం మీద బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపేది. నలిపితే బొమ్మ పెద్దదైపోయేది. ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకునేది.

ఇప్పుడు కొట్టులో గోడ మీది ఏనుగులు కూడా అలాగే పెద్దవైపోతున్నాయి.

"అక్కా, నీతో చెప్పాలి. నీకోసం రాజ్యం వదినతో పెద్ద పోట్లాటే పెట్టుకున్నాను" అంటోంది కుసుమ.

ఈ మాట చెప్పాలనే ఇంత దూరం నడిచి వచ్చినట్టు ఆమెకు అప్పుడు గుర్తొస్తోంది. నిజానికి ఆ పోట్లాట జరిగినప్పటి నుంచీ ఆమె గుండెల్లో మంట ఆరలేదు. అన్నం తింటున్నా, అంట్లు తోముతున్నా, మిషను మీద కూర్చున్నా వదినకు చెప్పవలసిన జవాబులు ఒకదాని మీదొకటి తోసుకొస్తూనే ఉన్నాయి.

"దేనికి?" అంటోంది కోటక్క.

"ఈ బొంత గురించే. మౌనికకు ఆడపిల్ల పుట్టిందిగా. నువ్వు కుడుతూ సగంలో వదిలేసిన బొంతను బావగారు తెచ్చి ఇచ్చారు. 'మీ అక్క పాపకోసం మొదలుపెట్టిందమ్మా, నువ్వు పూర్తిచెయ్యి' అన్నారు. నేను కళ్ళకద్దుకుని తీసుకున్నా. పక్కనే రాజ్యం వదిన ఉంది. ఏమందో తెలుసా?"

"ఏమంది?"

"నోటితో అనలేను."

"అనలేనిదానివి ఇంత దూరం ఎందుకొచ్చావ్? చెప్పు."

కుసుమ చుట్టూ చూస్తోంది. పరుపుల మీద బేరగాళ్ళు ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించి చెబుతోంది. "'పిల్లల్లేని మనిషి. అందులోనూ పోయినావిడ చేతి బొంత. పసిగుడ్డు కింద వేస్తారా ఎవరన్నా? ఫోనులో కొత్తది తెప్పించండి, ఎంత సేపు' అంది. బావగారి ఎదురుగానే అంది."

కోటక్క వేలు గోడ మీద ఆగిపోతుంది. ఏనుగులు ఎక్కడివక్కడే నిలబడిపోతున్నాయి.

"దాని కొడుకులిద్దరూ నా బొంతల మీద ఉచ్చపోసినోళ్ళే కదే! చిన్నోడికి మశూచి పోసినట్టు ఒళ్ళంతా పొక్కులొస్తే రోజుకో బొంత మార్చా. అప్పుడు పనికొచ్చిందా గొడ్రాలి చెయ్యి? అప్పుడు ఏ శాస్త్రం అడ్డం రాలా దానికి?"

"నేనూ అదే అన్నానక్కా!" కుసుమ సంబరంగా ముందుకు వంగుతోంది. "అచ్చంగా అదే మాటన్నా. 'నీ కొడుకుల్ని అడుగు వదినా, ఎవరి ఒళ్ళో పెరిగారో' అన్నా. బావగారు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. మౌనిక కూడా ఫోనులో 'ఎందుకమ్మా గొడవ, రాజ్యం అత్తయ్యకు ఇష్టం లేకపోతే వదిలేద్దాం' అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. 'ఈ బొంత నా మనవరాలి కింద పడి తీరుద్ది, బారసాలకు వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళు మానండి' అని అందరి మొహానా చెప్పేశా."

చెప్పేసి, ఆమె కోటక్క మొహంలోకి చూస్తోంది. అక్క కళ్ళు చెమరుస్తాయనీ, 'నా తల్లివే' అని గడ్డం పట్టుకుంటుందనీ ఆమె నమ్మకం. కోటక్క మొహంలో అటువంటిదేమీ లేదు. ఆవిడ ముక్కుపుటాలు అదురుతున్నాయి, కుడిచెవి కమ్మ ఊగుతోంది. బతికున్నన్నాళ్ళూ కుసుమ ఆ మొహం మీద అటువంటి కోపం చూసి ఎరుగదు.

"ఎవర్నడిగి?" అంటోంది కోటక్క.

"ఏంటక్కా?"

"నా బొంత నీ మనవరాలికి ఇస్తానని ఎవర్నడిగి చెప్పావ్ అంటన్నా."

తానుల మధ్య నుంచి చల్లటి గాలి వస్తోంది. కొట్టు ఇప్పుడు కొట్టులా లేదు, పొన్నూరు ఇంటి వసారాలా ఉంది, కాకపోతే వసారా అవతల పెరడు ఉండాల్సిన చోట గుంటూరు బస్సు ఆగి ఉంది, కండక్టరు లేడు, కిటికీలన్నిటికీ రంగు గుడ్డలు వేలాడుతున్నాయి. కోటక్క చెయ్యి చాచి బొంత లాక్కుని నేల మీద పరుస్తోంది. పరుస్తుంటే అది అలా పరుచుకుంటూనే ఉంది. నట్టనడుమ ఒక గడి మాత్రం ఖాళీ.

"ఆ గడిలోకి గుడ్డ దొరక్క ఎంత తిరిగాననుకున్నావక్కా" అని మాట మార్చబోతోంది కుసుమ. "ఇంట్లో ఏ ముక్కా నప్పలేదు. ఫోనులో వెతికి వెతికి నీలం చుక్కల గుడ్డ తెప్పించా. ఇదిగో."

ఆమె చేతిలోకి నీలం గుడ్డ ఎక్కడి నుంచో వస్తుంది. కోటక్క దాన్ని వాసన చూస్తోంది.

"గంజి కంపు. ఎవరి ఒంటి మీద ఉందిది?"

"ఎవరి ఒంటి మీదా లేదు. కొత్తది."

"కొత్తదైతే ముక్క ఎందుకైంది?"

"ముక్కలుగానే అమ్ముతారక్కా, బొంతలు కుట్టుకునేవాళ్ళ కోసం. చక్కగా ఒకే కొలతలో కోసి, కట్టగట్టి."

"చిరగని గుడ్డని చించి అమ్మేవాడు ఒకడూ, ఎగబడి కొనేది ఇంకొకతీనా!" కోటక్క ఆ ముక్కను కుసుమ ఒళ్ళోకి విసురుతోంది. "గుడ్డ ముందు మనిషికి పనికిరావాలి. చెమట పట్టాలి, ఎండలో ఆరాలి, మెత్తబడాలి. ఇక మన వల్ల కాదని అదే చెప్పిద్ది. అప్పుడు గదా బొంతలోకి వచ్చేది! సరే, అది నీ సరదా. కుట్టుకో, కాదన్లా. నా దాంట్లో పెట్టమాక."

"పాపకోసం మొదలుపెట్టావని బావగారే..."

"ఆయనకేం తెలుసు? ఆయన కప్పుకునేదీ నేను కుట్టిందే. నేనేం కప్పుకుంటన్నానో ఒక్క రాత్రన్నా తిరిగి చూశాడా? ఆయన చిరిగిన పంచెలు రెండు మడతలేసి కప్పుకున్నా, ఈ ఇంటికి కాపురానికొచ్చిన కాడినించి. ఎప్పుడు నాకని ఒకటి మొదలుపెట్టినా ఎవరో ఒకరు నీళ్ళోసుకునేవాళ్ళు. అందరి కళ్ళూ నా సూది మీదే. 'కోటమ్మ మొదలుపెట్టిందంటే మన బిడ్డకే' అని. అడిగేదే లేదు. తీసుకుపోవడమే!"

ఆవిడ బొంత మీద మోకాళ్ళతో పాకుతూ ఒక్కొక్క గడి మీదా అరచెయ్యి వేస్తోంది. ఆ చెయ్యి పడినచోటల్లా గుడ్డ తడిసినట్టు రంగు తేలుతోంది.

"ఇది చూడు, ఆకుపచ్చది. బళ్ళో పరుగుపందెంలో ఫస్టొచ్చినప్పుడు కట్టుకున్న లంగా. మా నాయన భుజానెక్కించుకుని ఊరంతా తిప్పాడు. ఈ కాఫీరంగుది, గుంటూర్లో డాక్టరమ్మ ఇక పిల్లలు పుట్టరని చెప్పిన రోజు కట్టుకున్న చీర. మీ బావగారు బ్యాంకు పనుందని వెళ్ళాడు, నన్ను బస్సెక్కి ఇంటికి పొమ్మన్నాడు. నేను పోలా. ఒక్కదాన్నే మాట్నీకి వెళ్ళా. నేల టిక్కెట్టులో కూర్చుని సినిమా అంతా చూసి, పకోడీ తిని, చీకటి పడ్డాక వచ్చా. బస్సు చెడిపోయిందని చెప్పా. ఇవాళ్టిదాకా ఎవరికీ తెలీదు. ఈ పసుపు నైలాను చీర కట్టుకునే మిల్లు వెనకాల సైకిలు నేర్చుకుంది, మీరంతా రాజ్యం పెళ్ళి బట్టలకని చీరాల వెళ్ళిన రోజుల్లో. పడితే మోకాలు చెక్కుకుపోయింది, ఇదిగో ఇక్కడ చిరుగు. పెళ్ళిచీర వెయ్యలా. అది అత్తగారు ఎంచింది. నాకెప్పుడూ నచ్చలా."

కుసుమ ఆ గడులకేసి వంగి చూస్తోంది. ఈ బొంతను ఒళ్ళో పెట్టుకుని వారం రోజులుగా అంచు కుడుతోంది. అన్నీ ఇంటిల్లిపాది బట్టలే అనుకుంది. ఒక గులాబీరంగు ముక్కను చూడగానే గుర్తుపట్టి మురిసిపోయింది కూడా. ఇప్పుడు ఆ ముక్కనే వేలితో చూపిస్తూ అంటోంది, "ఇది మౌనిక గౌను కాదా అక్కా? రెండో పుట్టినరోజుది?"

"ముందది నా జాకెట్టు. మిగిలిన గుడ్డతో దానికి గౌను కుట్టా. నీకు గౌనే గుర్తుంది. జాకెట్టు గుర్తులేదు. ఒక్కళ్ళకీ గుర్తులేదు."

ఆ మాటకు కుసుమకు కూడా కోపం వస్తోంది. తను ఇంతమందితో వైరం పెట్టుకుని వస్తే ఆవిడ చివరికి తననే తప్పుపట్టడం ఏమిటి? ఊరందరి మీదా పడవలసిన కోపం తన నెత్తిన కుమ్మరించడం ఏమిటి? ఆమె కూడా గొంతు పెంచి అరుస్తోంది.

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా! నువ్వు చెప్పకపోతే మాకెట్టా తెలుసుద్ది? అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇచ్చుకుంటూ పోయావు. నవ్వుతూ ఇచ్చావు. నాకూ ఒకటి కావాలని పాతికేళ్ళలో ఒక్కసారన్నా అన్నావా? ఇప్పుడొచ్చి నా మీద అరుస్తావా?"

"ఒక్కసారి అన్నాగా" అంటోంది కోటక్క.

ఆవిడ గొంతు ఉన్నట్టుండి చిన్నదైపోయింది. వసారా లేదు. బస్సు లేదు. కింద పరిచిన తెల్లటి పరుపులు వరసగా ఇనప మంచాలవుతున్నాయి, గోడలకు సగందాకా పచ్చ రంగు పాకుతోంది, ఫినాయిలు వాసన వస్తోంది. అది కోటక్క చివరి రోజులు గడిపిన ఆస్పత్రి. కిటికీ తలుపు ఒకటి సరిగ్గా మూతపడదు, దాంట్లోంచి మాఘమాసపు చలి లోపలికి వస్తుంది. కోటక్క మంచం మీద ముడుచుకుని ఉంది, పైన పల్చటి ఆస్పత్రి దుప్పటి. కుసుమ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. తనను తనే అలా కూర్చుని ఉండగా చూస్తోంది.

మంచం మీది కోటక్క పళ్ళు కొట్టుకుంటుంటే అంటోంది, "కుసుమా, నా బొంత తే."

స్టూలు మీది కుసుమ ముందుకు వంగి ఆవిడ నుదురు నిమురుతూ, ఎంతో ప్రేమగా, ఎంతో ఓదార్పుగా అంటోంది, "దిగులు పడకక్కా. పుట్టబోయే బిడ్డకు నేను పూర్తిచేసి ఇస్తాలే."

"కాదే. నా బొంత. తే."

"అట్టాగే అక్కా. బారసాలకల్లా కుట్టేస్తా. ఇక మాట్లాడమాక, ఆయాసం వస్తది."

అంతే. మంచం మీది మనిషి కళ్ళు మూసుకుంటుంది. స్టూలు మీది మనిషి ఆ పల్చటి దుప్పటినే గడ్డం దాకా లాగి, చుట్టూ దోపి, ఎంతో చక్కగా చూసుకున్నానని తృప్తిగా వెనక్కి ఆనుకుంటుంది.

ఇదంతా జరిగిందే. ఇలాగే, ఈ మాటలతోనే జరిగింది. చనిపోయే ముందు కూడా అక్క మనసంతా పుట్టబోయే బిడ్డ మీదే ఉందని కుసుమ ఎంతమందికో చెప్పి కళ్ళు తుడుచుకుంది. పన్నెండో రోజు భోజనాల దగ్గర కూడా చెప్పింది. విన్నవాళ్ళంతా 'మహాతల్లి' అన్నారు.

"చలేసింది. అంతే. చలేస్తే నా బొంత నన్ను కప్పమన్నా. అదీ అర్థం కాలా నీకు" అంటోంది కోటక్క ఇప్పుడు, ఎదురుగా నిలబడి.

కుసుమ ఏడుస్తోంది. "అక్కా, నన్ను క్షమించు" అనబోతుంటే కోటక్క చెయ్యి అడ్డంగా ఊపుతోంది.

"ఏడవమాక. నువ్వేడిస్తే నేను నిన్ను ఓదార్చాలి, అదే గదా ఇన్నాళ్ళూ నా పని. నన్ను కోపంగా ఉండనీ కాసేపు. బతికుండగా దానికీ తీరిక లేకపోయె."

ఆవిడ కోపంగానే నిలబడుతుంది, కుసుమ ఏడుస్తూ నిలబడుతుంది. మంచాలు ఒక్కొక్కటే తానులైపోయి గోడలకు సర్దుకుంటున్నాయి. కొట్టు తిరిగి వస్తోంది కానీ ఇప్పుడు చిన్నదిగా, గూడులాగా, రెండు నిట్టాడి స్తంభాల మధ్య ఒక్క పరుపు పరిచి ఉన్నంత మేరే ఉంది. ఎంతసేపటికో కోటక్క బుసలు తగ్గి, పమిట కొంగుతో మొహం తుడుచుకుని, బొంతలోని ఖాళీ గడి ముందు కూర్చుంటోంది.

"ఇందులో ఏం వేద్దామనుకున్నావక్కా? చెప్పు. అదే వేస్తా. ఎక్కడున్నా వెతికి తెస్తా" అంటోంది కుసుమ.

"ఏమో. ఇంకా అనుకోలా." కోటక్క ఆ గడి అంచులు వేళ్ళతో తడుముతోంది. "ఒకరోజు ఇదేద్దామనిపించేది, ఒకరోజు అదేద్దామనిపించేది. పురిటి బొంతంటే తొమ్మిది నెలల్లో అయిపోవాలి. దీనికి గడువు లేదుగా. తీరిగ్గా అనుకుందామని వదిలా. అట్టా ఎటూ తేల్చకుండా కూర్చోవడం ఎంత బాగుందో తెలుసా? దాన్ని అట్టాగే ఉండనియ్యి. నువ్వు నింపమాక. ఎవర్నీ నింపనీయమాక."

"మరి పాపకు?"

"నీ మనవరాలికి నువ్వు కుట్టుకో. నీకు చేతుల్లేవా? నీ ఫోను గుడ్డలతోనే కుట్టు. కాకపోతే నాలుగుసార్లు ఉతికి మరీ కుట్టు, ఆ గంజి పసిదాని ఒంటికి గుచ్చుకునిద్ది." మళ్ళీ గొంతు పెంచి, "రాజ్యానికి మాత్రం చెప్పు. గొడ్రాలి బొంతని అది వద్దంటం కాదు, నేనే ఇయ్యనన్నానని చెప్పు. నా మాటగా చెప్పు. తేడా తెలియాలి దానికి."

"చెప్తా."

"మెత్తగా కాదు. గట్టిగా చెప్పు."

"గట్టిగానే చెప్తా అక్కా."

కోటక్క బొంత మీద వాలుతోంది. ఒక కొస పట్టుకుని రెండో సగాన్ని తన మీదకు లాక్కుంటోంది, గడ్డం దాకా, చెవుల దాకా. కాళ్ళు చాపి, మడమలతో అంచును తన్ని సర్దుకుంటోంది. తానులన్నీ పైకి జారిపోతున్నాయి, ఈసారి ఎవరూ వేలు పెట్టకుండానే, నీలాలూ ఎరుపులూ ఆకుపచ్చలూ అన్నీ కలిసి జర్రున పైకి, పైకి, వాటి వెనక ఏమీ లేని తెల్లటి గోడ. ఎక్కడో ఎవరో కొట్టు రేకు తలుపు దించుతున్నట్టు చప్పుడవుతోంది. "తలుపేసి పో" అంటోంది కోటక్క, సగం నిద్రలో, కోపం పూర్తిగా పోని గొంతుతో. రేకు చప్పుడు ఆగి ఆగి వస్తోంది, ఆగి ఆగి మోగుతోంది.

ఫోను మోగుతోంది.

కుసుమ కళ్ళు తెరిచింది. మధ్యాహ్నం ఎండ వసారా మెట్టు దాకా వచ్చి ఉంది. మిషను పక్కన నేల మీదే, సగం కుట్టిన బొంత మడత మీద చెంప ఆనించి నిద్రపోయింది. చెంప మీద టాకాల అచ్చు పడింది. మెడ పట్టేసింది. కాసేపు ఏది ఎక్కడో తెలియక అలాగే కూర్చుని, ఫోను తీసింది.

"అమ్మా, బొంత అయిందా?" అంది మౌనిక. వెనక పసిదాని ఏడుపు వినిపిస్తోంది. "బారసాలకు వస్తన్నానని రాజ్యం అత్తయ్య ఫోన్ చేసింది. మళ్ళీ అదే గొడవ. 'ఆ బొంత సంగతి ఏం తేల్చింది మీ అమ్మ' అని."

"తేల్చానని చెప్పు" అంది కుసుమ. నిద్రగొంతు గరగరలాడింది. "అది పాపకు వెయ్యడం లేదు."

"హమ్మయ్య. అత్తయ్య మాటే విన్నావన్నమాట."

"నీ మొహం! ఆవిడ మాట నేనెందుకు వింటానే? ఆవిడ వద్దంటే మానలేదు. అది పాపది కాదు, అందుకని. మీ పెద్దమ్మ తనకోసం కుట్టుకుంది. మనం ఎవరం దాన్ని పంచుకోడానికి? రాజ్యం వదినకు ఈ మాట నేనే ఫోన్ చేసి చెప్తా. మెత్తగా కాదు, గట్టిగా చెప్తా."

"పెద్దమ్మ తనకోసమా? నీకెవరు చెప్పారమ్మా?"

కుసుమ బొంత వైపు చూసింది.

"అయినా పెద్దమ్మ లేదుగా" అంది మౌనిక మెల్లగా.

"లేకపోతే మాత్రం? లేని మనిషిదైతే ఎవరు పడితే వాళ్ళు తీసుకుపోవడమేనా? నీకు పెళ్ళిలో పెట్టిన గొలుసు నువ్వు ఇంట్లో లేనప్పుడు ఎవరన్నా తీసుకుపోతే ఊరుకుంటావా? పాపకు నేను వేరే కుడుతున్నా. గుడ్డలు ఇవాళే నానేస్తా. ఆరిపోతే ఈ వారంలో అయిపోద్ది. ముందు పిల్లకు పాలు పట్టు, గుక్కపెడుతోంది."

ఫోను పెట్టేసి లేచింది. కోపం ఇంకా చేతుల్లో ఉంది. ఆ చేతులతోనే నీలం చుక్కల ముక్కల కట్ట విప్పి, బట్టలారేసే దణ్ణెం కింద బకెట్లో నీళ్ళుపట్టి ముంచింది. గంజి తెల్లగా తేలింది. తర్వాత వచ్చి బొంత తీసింది. బావగారు మడతపెట్టి ఇచ్చిన దాన్ని ఆమె ఏ రోజుకారోజు ఒక అంచునో, ఖాళీ గడి ఉన్న మడతనో మాత్రం విప్పుకుని కుడుతూ వచ్చింది కానీ మొత్తంగా ఒక్కసారీ పరిచి చూడలేదు. ఇప్పుడు గదిలోకి తీసుకుపోయి మంచం మీద పరిచింది. ఉయ్యాల బొంత కాదది. దానికి నాలుగింతలుంది. ఇంత పెద్దదాన్ని పసిపిల్ల బొంత అని అందరం ఎలా అనుకున్నాం అని ఆమెకు తన మీదే ఒళ్ళు మండింది. సాయంత్రం అవతలి వాటాకు తీసుకుపోయి, అక్క మంచం మీద వేసి, దీన్ని ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదని బావగారితో చెప్పి రావాలనుకుంది. ఆయన కప్పుకుంటానన్నా సరే, ఇవ్వనని చెప్పాలి.

తలుపు దగ్గరికి వేసి వచ్చి, మంచం మీద వెల్లకిలా పడుకుని, బొంతను గడ్డం దాకా లాక్కుంది. ఖాళీ గడి సరిగ్గా గుండెల మీదకు వచ్చింది.

కుసుమ పొడగరి. కోటక్క ఆమె చెవి దాకానే వచ్చేది. బొంత అంచు కుసుమ చీలమండల దగ్గర ఆగిపోయింది, పాదాలు రెండూ బయటే ఉన్నాయి.